అడుగు పడని చోటు

గోడ మొలవాలంటే దానికి అడుగుల చప్పుడు వినిపించాలి. అడుగు మాత్రం దాని మీద పడకూడదు. ఈ ముక్క తేల్చుకోవడానికి హైమవతికి విశాఖపట్నం ప్రయోగశాలలో సగం ఉద్యోగం గడిచిపోయింది. సెంబరా దీవిలో సన్యాసమ్మకి అది అర్థం కావడానికి ఒక్క పూట చాలింది.

"అంటే పిల్లిలాటిదన్నమాట," అంది సన్యాసమ్మ. "మనం తిరగతా ఉండాల. తొక్కకూడదు. పక్కకొచ్చి కూకుంటాది."

"అంతే పిన్నీ."

"దీనికి ఇంత సదువెందుకమ్మా మరి?"

పక్కనే బియ్యం కడుగుతున్న కోడలు నీలవేణి తల వంచుకుని నవ్వింది. హైమవతి కూడా నవ్వింది. దీవికి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

అంతర్యుద్ధం ముగిసి ఏడాది దాటింది. రేవు వాళ్ళకీ తోటల వాళ్ళకీ జరిగిన ఆ పోరులో తూర్పు తోటలో ఒక్క ఇల్లూ నిలవలేదు. పది దేశాలు కలిసి సాయం పంపాయి. సిమెంటు ఓడలు రేవు దాకా వచ్చాయి కానీ ఆ సిమెంటు రేవు దాటి తోటలకు రాలేదు. అప్పుడు పునర్నివాస సంఘానికి హైమవతి విత్తనం గుర్తొచ్చింది. కూలిన గోడల పెళ్ళలు పొడి చేసి, చెరుకు పిప్పి కలిపి, అందులో ఒక జాతి పుట్టగొడుగు వేళ్ళు చల్లుతారు. ఆ మన్ను స్థలమంతా పరిచి, పైన టార్పాలిన్ కట్టి, కుటుంబాన్ని అందులో కాపురం పెట్టమంటారు. వాళ్ళు వండుకుంటారు, పడుకుంటారు, పోట్లాడుకుంటారు. అడుగు పడిన చోట మన్ను గట్టిపడి నేల అవుతుంది. ఆ అదురు సోకేంత దగ్గరలో, అడుగు పడనంత దూరంలో, వేళ్ళు మట్టిని పైకి లాక్కుని గోడ కడతాయి. గోడ తలెత్తు దాటాక సున్నపు నీళ్ళు పూస్తే వేళ్ళు చచ్చిపోతాయి, గోడ రాయి అవుతుంది. ప్రయోగశాల దానికి జీవమృత్తిక అని పేరు పెట్టింది. తోటలో అందరూ పుట్టమన్ను అన్నారు.

హైమవతిని పంపడానికి ఇంకో కారణం భాష. చెరుకు తోటల్లో పనికి ఓడలెక్కి వచ్చిన వీళ్ళ ముత్తాతలు విశాఖ తీరం వాళ్ళు. దీవిలో అయిదు తరాలు గడిచినా మాట పోలేదు.

"నువ్వు రేడియోలాగ మాటాడతావు డాక్టరమ్మా," అనేది సన్యాసమ్మ. "తప్పు మాటొకటి నేదు. ఎవరితో మాటాడతన్నావో తెల్దు."

హైమవతి ఆ మాట చాలా రోజులు మోసింది. ఆమెకి మనుషులంటే అయిష్టం లేదు. కానీ ఏ గదిలోకి వెళ్ళినా ముందు కిటికీ పక్క కుర్చీ వెతుక్కుంటుంది. ఎవరైనా తన గురించి అడిగితే జవాబు చెప్పేస్తుంది, తిరిగి అడగాలన్న సంగతి తర్వాత గుర్తొస్తుంది. ఇన్నేళ్ళూ దాన్ని పని మీద ధ్యాస అనుకుంది.

మొదటి వరుసలో ఇళ్ళు ఏపుగా లేచాయి. తాగి నడిచే సిమ్మయ్య ఇంటి గోడ సొరకాయలా వంకర తిరిగింది. "ఆడి నడకే ఆడిల్లు," అని వీధంతా నవ్వింది. ఆ నవ్వు విన్నప్పుడు హైమవతికి తన పని నిజంగా ఇల్లేనని నమ్మకం కుదిరింది.

తేడా సన్యాసమ్మ ఇంట్లో వచ్చింది. పొయ్యి వెనక, తూర్పు మూల, గోడ నాలుగు వైపులా చుట్టుకుని లేచింది. దారి లేదు. లోపల ఒక మనిషి పడుకునేంత చోటు. బల్ల వేసుకుని ఎక్కి చూస్తే అడుగున చాప, చాప మీద మడత విప్పని దుప్పటి.

"ఈ గదికి తలుపేదీ?" అని అడిగాడు పాస్కల్. అతను సంఘం తరఫున ఆ చోటికి అధికారి, దీవి మనిషే, ఏ పక్షమూ కాదని పేరున్నవాడు.

"కోయించాను. రెండు రోజుల్లో పూడుకుపోయింది. ఆ వైపు ఎవరూ నడవడం లేదు."

"పైకప్పు వేస్తే?"

"గాలి ఆడదు. లోపలి వేళ్ళు సున్నానికి అందవు. కుళ్ళు పట్టి పక్క గోడల సత్తువ కూడా లాగేస్తాయి. రెండు వానలకి ఇల్లంతా కూర్చుంటుంది."

పాస్కల్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "తనిఖీ వాళ్ళు ముందు చూసేది ఈ వరుసే. ఒక్క ఇల్లు నిలవదని తేలినా మిగతా తోటలకి విత్తనం ఆపేస్తారు. వీళ్ళందరినీ తోలడానికి రేకుల బారకాసులు సిద్ధంగా ఉన్నాయి డాక్టర్. రేవు పక్కన."

రేవు పక్కన అన్న మాట బియ్యం చేటతో నిలబడ్డ నీలవేణికి కూడా వినిపించింది. ఆమె చేట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. గవరయ్యని లారీ ఎక్కించుకుపోయింది రేవు వాళ్ళే. గవరయ్య సన్యాసమ్మకి ఒక్కగానొక్క కొడుకు, నీలవేణికి మొగుడు. వెళ్ళి మూడేళ్ళయింది.

హైమవతి సన్యాసమ్మ దగ్గర కూర్చుంది. ముసలామె చెరుకు ఆకు చీలుస్తోంది.

"ఆ మూల ఎవరూ నడవరేం పిన్నీ?"

"అది ఎదురుసాప."

"అంటే?"

"నీకు తెల్దా?" సన్యాసమ్మ చేతులాపింది. "మనిసి పనికెళ్ళి రానేదనుకో. ఆడు పడుకున్న సోట సాప పరిసి ఉంచుతాం. సుట్టకూడదు, దాటకూడదు, ఆ సోటు తొక్కకూడదు. తొక్కినామంటే మరింక రాడని మనమే సెప్పినట్టు. నాలుగు దుడ్డు కర్రలతో కొట్టి లాక్కెళ్ళినోడైనా సరే, సాపుంటే దారి మర్సిపోడు."

"ఇది ఇక్కడి ఆచారమా?"

"ఇక్కడిదేటి? మీ దేశానిదే. మా ముత్తాత ఓడెక్కినప్పుడు ఆల్లమ్మ సాప పరిసిందంట. అలగ ఎంతమందికి పరిసినారో." ఆమె హైమవతి ముఖంలోకి చూసింది. "డాక్టరమ్మా, ఆ సాపలు అక్కడింకా ఉన్నాయా? ఇశాపట్నంలో మా కోసరం ఎవలైనా ఒదిలిన సోటుందా?"

హైమవతి ఆ ఊళ్ళో పుట్టింది. అలాంటి చాప గురించి ఎవరూ చెప్పగా వినలేదు. బీచి రోడ్డు, ఫ్లైఓవరు, అపార్ట్‌మెంట్లు కళ్ళ ముందు తిరిగాయి.

"ఏమో పిన్నీ. నాకు తెలీదు."

"తెలీదంటే ఉన్నాయనే," అని సన్యాసమ్మ మళ్ళీ ఆకు చీల్చుకుంది.

హైమవతి కుళ్ళు గురించి చెప్పింది, వానల గురించి చెప్పింది. కూలివాళ్ళ చేత నడిపిస్తానంది. తనే నడుస్తానంది.

"నీ కాలెట్టు సూద్దాం. నా ఈపు మీదెట్టి నడు ముందు. ఇల్లు కూలితే కూలనీ. ఆడొచ్చి మళ్ళీ కట్టుకుంటాడు."

మర్నాడు మధ్యాహ్నం శేషగిరి ఫోన్ చేశాడు. భర్తగా వారానికొకసారి చేస్తాడు, సంస్థ డైరెక్టరుగా మిగతా రోజుల్లో మెయిల్ పంపిస్తాడు. ప్రయోగశాల వెనక నమూనా ఇంట్లో వాళ్ళిద్దరే కాపురం ఉండి దాన్ని పెంచారు. కొలతల కోసం దానికి సున్నం పూయలేదు.

"నిన్న జపాను వాళ్ళొచ్చారు హైమా. గోడల మందం చూసి ముచ్చటపడ్డారు."

"ఏ గోడ?"

"నా బల్లకీ నీ మంచానికీ మధ్యది. ఇంకా పెరిగింది. నీ గదికి దారి మూసుకుపోయింది తెలుసా? నేనటు వెళ్ళే పనేముంటుందిలే." అతను మామూలుగానే అన్నాడు. "కదిలించకుండా కొలతలు తీయిస్తున్నాను. మంచి డేటా."

"కొట్టించకండి."

"కొట్టించనన్నానుగా. భోంచేశావా?"

"చేశాను. మీరు?"

ఆమె ఫోను పెట్టేసింది. మూసుకుపోయిన గదులు రెండు. ఒకటి అవసరం లేక ఎవరూ నడవనిది. ఇంకొకటి ఒక తల్లి గుండె అంతా అక్కడే ఉన్నందుకు నడవనిది. మన్నుకి రెండూ ఒకటే. దానికి తెలిసింది అదురు, అదురు లేకపోవడం, అంతే. నడవని చోటు అక్కర్లేని చోటని దానికి నేర్పింది తనే. ప్రయోగశాలలో ఆ వాక్యం రాసిన రోజు ఎవరూ కాదనలేదు. ఎందుకు కాదంటారు? అక్కడ అందరూ తనలాగే బతుకుతున్నవాళ్ళు.

సాయంత్రం కొళాయి దగ్గర నీలవేణి బిందె నిండిపోయి పొర్లుతున్నా తీయకుండా నిలబడింది.

"మేడమ్, ఆ గదిలో ఇంటి మనిసి నడిస్తే సాలునా? ఒక్క మనిసి?"

"చాలు. నాలుగైదు రోజులు, పూటకి కాసేపు. గోడ దానంతటదే దారిస్తుంది. కానీ మీ అత్తగారు..."

"అత్త నడవదు. నాను నడుస్తాను." ఆమె బిందె పక్కకి లాగింది. "మిల్లు కాటా దగ్గర ఆల్ల లారీ ఆపినారు. నాను సెరుకులో దాక్కున్నాను. ఆయన్ని దింపినారు. మళ్ళీ ఎక్కించనేదు. నాను సూసినాను మేడమ్."

ఎవరైనా ఏడిస్తే భుజం మీద చెయ్యి వేయాలని హైమవతికి తెలుసు. నీలవేణి ఏడవడం లేదు.

"అత్తకి సెప్దామని ఇంటికొచ్చినాను. అప్పటికే సాప పరిసేసింది. 'నీలేణీ, దుప్పటి తే, సలిగుంటాది ఆడికి' అంది. తెచ్చినాను. ఆ తరవాత ఏ రోజు సెప్పాల?" ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "రేవు బారకాసులో ఆల్ల మొకాలు సూస్తా బతకలేను మేడమ్. ఆల్లలో ఎవడు దింపినాడో కూడా నాకు ఎరికే. అక్కడికెళ్ళే కంటే అత్త సేత తిట్లు తినడం మేలు."

"ముందు ఆవిడకి చెప్పు."

"నోట్రాదు. కాళ్ళతోనే సెప్తాను."

వద్దనాలని హైమవతికి అనిపించింది. వద్దంటే ఇల్లు పోతుంది, ఈ ఒక్కటే కాదు, మిగతా తోటల్లో టార్పాలిన్ కింద ఎదురుచూస్తున్నవీ పోతాయి. తను ఊరుకున్నది నీలవేణి కోసమో, విత్తనం కోసమో ఆమె తేల్చుకోలేకపోయింది. ఊరుకుంది.

పొద్దున్న సన్యాసమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. హైమవతి పడమటి గోడ తేమ చూస్తోంది. నీలవేణి బల్ల తెచ్చుకుని, చప్పుడు చేయకుండా మూల గోడ ఎక్కి లోపలికి దిగింది. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అడుగులు. నాలుగు అటు, నాలుగు ఇటు. చాప పక్కకి జరిపిన చప్పుడు. మళ్ళీ అడుగులు.

సన్యాసమ్మ చేతిలో చింతపండు ఆగింది. ఆమె తల తిప్పలేదు. మెడ ఒక్కటే నిటారుగా అయింది. ముఖంలో మూడేళ్ళుగా బిగించి ఉంచినదేదో ఒక్కసారి వదులై, పదహారేళ్ళ పిల్ల ముఖంలా అయిపోయింది.

"గవరయ్యా?" అంది. "ఎప్పుడొచ్చినావురా?"

లోపల అడుగులు ఆగిపోయాయి.

"నానత్తా," అంది నీలవేణి గొంతు గోడ అవతల నుంచి.

హైమవతి తేమ కొలిచే గొట్టం పట్టుకుని నిలబడిపోయింది. సన్యాసమ్మ లేవలేదు, అరవలేదు. ఒళ్ళో ఈనెలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేసింది. తర్వాత అడిగింది.

"ఎన్నాళ్ళనుంచి తెల్సు నీకు?"

"ఆ రోజు నుంచే."

"ఆడికి దుప్పటి తెమ్మన్నాను నిన్ను."

"అవునత్తా."

"తెచ్చినావు."

"తెచ్చినాను."

అంతే. లోపల కాసేపటికి అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. సన్యాసమ్మ వాటిని వింటూ చింతపండు అయ్యేదాకా అక్కడే ఉండి, అయ్యాక లేచి వెళ్ళి పడమటి వైపు, పొయ్యికి బాగా దూరంగా, గోడకి ముఖం పెట్టి పడుకుంది.

మూల గోడ మూడోనాటికి మెత్తబడింది. వారం తిరిగేసరికి మనిషి పట్టేంత దారి వచ్చింది. పాస్కల్ వచ్చి దారిలో అటూ ఇటూ నడిచి, హైమవతి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "బతికించారు డాక్టర్. ఎల్లుండి సున్నం పూయించండి."

అతను కిందికి చూడలేదు. హైమవతి చూసింది. గుమ్మం నుంచి పొయ్యి దాకా, ఇంటి నడిమధ్యన, చీలమండ ఎత్తున ఒక గట్టు లేచింది.

అత్త పడమటి సగంలో తిరుగుతోంది. కోడలు తూర్పు సగంలో. ఒకరి అడుగుల చప్పుడు ఇంకొకరికి వినిపిస్తోంది. మధ్యలో మాత్రం ఎవరి అడుగూ పడడం లేదు.

"ఇప్పుడే సున్నం పూసేస్తే ఇంతటితో ఆగుతుంది," అని హైమవతి నీలవేణికి చెప్పింది. "కాలెత్తి దాటొచ్చు."

"ఆవిడ ఇల్లది మేడమ్. ఆవిడకి నా మొకం సూడాలని నేదు. నాకు తెలిసీ మూడేళ్ళు ఆవిడ సేత ఎదురు సూపించినాను. పెరగనీండి."

సన్యాసమ్మనడిగితే, "అది నీ పిల్లి. నన్నడుగుతావేటి?" అంది.

సున్నం ఎప్పుడు పూయాలన్నది ఇన్నాళ్ళూ ప్రయోగశాల నిర్ణయం. గోడ ఎత్తు, గాలిలో తేమ, పైకప్పు బరువు చూసి తేల్చేవారు. ఆ కొలతలు చూస్తే ఆ గట్టుని కాళ్ళతో తొక్కించి చదును చేయాలి, లేకపోతే తలెత్తు దాకా పెరగనిచ్చి రెండు గదులు చేయాలి. రెండూ సరైనవే. హైమవతి సున్నపు నీళ్ళ బకెట్టు, రెండు కుంచెలు తెచ్చి గుమ్మం లోపల పెట్టింది. చెప్పాల్సింది గాలిలోకి చెప్పినట్టు చెప్పింది.

"పూసిన చోట ఇక పెరగదు. ఎక్కడ ఆగాలో నాకు తెలీదు. మీరే ఆపండి."

పాస్కల్‌కి తేమ ఎక్కువగా ఉందని చెప్పింది. అతను నమ్మలేదు, ఒత్తిడీ చేయలేదు. తనిఖీ వాళ్ళని ముందు రెండో వరుసకి తిప్పాడు.

గట్టు మోకాలెత్తు అయింది. తర్వాత నడుమెత్తు. బకెట్టు ఎవరూ ముట్టుకోలేదు. హైమవతి రోజూ వచ్చి, మీద తేరిన మీగడ కలిపి వెళ్ళిపోయేది. ఆ ఇంట్లో మాటలు లేవు. వంట మాత్రం ఒకటే. పొయ్యి తూర్పు సగంలోకి పోయింది కనుక వండేది నీలవేణి. ఒక పొద్దున హైమవతి గుమ్మంలో ఉండగా ఆమె గంజి గిన్నె గోడ మీదుగా చాచి పట్టుకుంది. అవతల నుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని అందుకుంది. గిన్నె వేడిగా ఉన్నట్టుంది, చెయ్యి ఒకసారి వెనక్కి పోయి, కొంగు చుట్టుకుని మళ్ళీ వచ్చింది. నీలవేణి అంతసేపూ వదలకుండా పట్టుకునే ఉంది.

గోడ రొమ్ము ఎత్తుకి వచ్చిన రోజు, హైమవతి వచ్చేసరికి సన్యాసమ్మ కుంచె పట్టుకుని నిలబడి ఉంది.

"నీలేణీ," అని పిలిచింది. గవరయ్య గదిలో అడుగులు వినపడినప్పటి నుంచి ఆమె ఆ పేరు పలకడం అదే మొదటిసారి. "లెగిసి నించో."

నీలవేణి నిలబడింది. గోడ పైన ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా వచ్చాయి. ముసలామె కళ్ళు కోడలి ముఖమంతా తిరిగాయి, ఏదో పోగొట్టుకున్న చోట వెతికినట్టు.

"కూకో."

నీలవేణి కూర్చుంది. సన్యాసమ్మ కూడా తన వైపు కూర్చుంది. హైమవతికి గోడ ఒక్కటే కనిపించింది. అవతల నుంచి ఎవరో గట్టిగా ముక్కు చీదిన చప్పుడయింది. చాలాసేపు ఎవరూ లేవలేదు.

"నించో," అంది మళ్ళీ సన్యాసమ్మ, తను లేస్తూ. ఈసారి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నీలవేణి కళ్ళు కూడా.

"ఏటత్తా ఈ గుంజీలు నా సేత?"

"నోరుముయ్యి. కొలత తీస్తన్నాను." సన్యాసమ్మ కుంచె ముంచి గోడ తల మీద ఒక పట్టీ గీసింది. తడి తగిలిన చోట మన్ను బుసబుసమని తెల్లబడింది. "ఇంత సాలు. కూకుంటే అగపడకూడదు. నించుంటే అగపడాల."

నీలవేణి రెండో కుంచె కోసం చెయ్యి చాచింది. సన్యాసమ్మ దాన్ని గోడ మీదుగా అందించి, బకెట్టు ఎత్తి గోడ తల మీద మధ్యగా పెట్టింది, ఇద్దరికీ అందేలా. ఇద్దరూ మాట్లాడకుండా చెరో వైపు నుంచీ పూస్తూ పోయారు.

సాయం పట్టాలని హైమవతి ఒక అడుగు ముందుకేసింది. గోడకి ఏ వైపు వెళ్ళి నిలబడాలో ఆమెకి తెలియలేదు. గుమ్మం బయటే ఉండిపోయింది.